వాసన చూసే సారు

పోయిన నెల ఎండుమిర్చి కోసం జనగామ అంగడికి వెళ్తే, జాడీలు అమ్మే చాచా దూరం నుంచే "ఓ జాడీల మేడం" అని కేకేశాడు. నా పేరు ఆయనకు తెలియదు. ఎప్పుడో ఒకేసారి ఎనిమిది ఊరగాయ జాడీలు ఆటోలో వేసుకుని పోయిన మనిషిగానే నేను ఆయనకు గుర్తు.

"ఆ వాసన చూసే సారు ఎట్లున్నరమ్మా? ఇటు దిక్కు రాక మస్తు రోజులాయె."

"మొన్న వానకాలం పోయిండ్రు చాచా. నిద్రలనే పోయిండ్రు."

చాచా చేతిలోని గుడ్డ కింద పెట్టాడు. తర్వాత పక్కనున్న జాడీ మూత తీసి, కళ్లు మూసుకుని, ముక్కు లోపలికి పెట్టి గట్టిగా ఊపిరి పీల్చాడు. అచ్చం మా సారే. "గిట్ల చూసిండు, ఎనిమిదింటిని. ఒక్కటి గూడ ఇడ్వలే. నేనేమనుకున్ననంటే, ఈయన మామిడికాయ తొక్కు పెట్టేటోడు కాదు, ఎవలో సీఐడీ అనుకున్న."

నాకు నవ్వాగలేదు. చాచా కూడా నవ్వాడు. చావు కబురు చెప్పుకున్న చోటే నిలబడి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. మిర్చి కొనేవాళ్లు మమ్మల్ని ఎలా చూశారో నాకు అనవసరం. సారుంటే ఆయనే అందరికన్నా ముందు నవ్వేవారు.

ఆయన ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రొఫెసర్, నా పీహెచ్‌డీకి గైడు. చెట్టు వేరులోనో బెరడులోనో కలగలిసి ఉన్న పదార్థాలను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి, మందుగా పనిచేసేది ఏదో పట్టుకుని, దాని నిర్మాణం ఇదీ అని తేల్చడం ఆయన పని. నలభై ఏళ్లు అదే చేశారు. పేరు రాయను. పేరు రాస్తే వెనకాలే బిరుదులు, పతకాలు, పదవులు రాయాల్సి వస్తుంది. ఆ జాబితా సన్మాన పత్రాల్లో ఉంది, కావలసినవాళ్లు చదువుకోవచ్చు. అందులో లేని మనిషి గురించి నేను చెబుతాను.

ముందు ఆ ముక్కు సంగతి. సార్ వాసన చూడని వస్తువు లేదు. చాయ్ వస్తే వాసన, కొత్త చాక్‌పీసుల డబ్బా విప్పితే వాసన, మేం రాసిచ్చిన చాప్టర్ చేతిలో పెడితే చదవకముందు కాగితాలకే వాసన. "ప్రింటు వేడి మీదున్నది. అంటే ఇప్పుడే రాసినవ్, మళ్ల చదువుకోలే. తీస్కపో, చదువుకోని రా" అని తిప్పి పంపేవారు. ఒకసారి కాదు, మూడుసార్లు దొరికిపోయాను. నాలుగోసారి తెలివి ఉపయోగించి, ప్రింటు తీసి రెండు రోజులు హాస్టల్ బీరువాలో పెట్టి ఇచ్చాను. వాసన చూసి, "కలరా ఉండల నడుమ పెట్టినవ్ గదా" అన్నారు. ఇక ఆ మనిషితో ఏం వేగుతాం.

ల్యాబులో సీసా మూత తీసి, చేత్తో గాలిని ముక్కు వైపు విసురుకుని, ఇది ఫలానా, ఇందులో ఫలానాది కలిసింది అని చెప్పేసేవారు. హైదరాబాదు నుంచి మిషన్ల రిపోర్టు వారానికి వచ్చేది. ఎక్కువసార్లు ముక్కే గెలిచేది. మమ్మల్ని మాత్రం అలా వాసన చూడనిచ్చేవారు కాదు. "మీరు నేర్చుకోకుండ్రి, ఇది చెడ్డ అలవాటు. మా గురువు నాకు అంటించిండు. ఆయన ముక్కు యాభై ఏండ్లకే ఖరాబైంది" అనేవారు.

ఆ హైదరాబాదు ప్రయాణం ఒక వేడుక. మా దగ్గర పెద్ద మిషన్లు లేవు కాబట్టి, విడదీసిన పదార్థాలను చిటికెన వేలంత గాజు సీసాల్లో పోసి అక్కడికి పంపాలి. సార్ కొరియర్‌ను నమ్మేవారు కాదు. సీసాలను రుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, జనగామలో తానే రైలెక్కేవారు. దారి పొడవునా కుడి చెయ్యి గుండె మీదే ఉండేది. ఒకసారి పక్క సీటు ముసలమ్మ చూసి చూసి, "ఏం నాయినా, ఛాతీల నొస్తున్నదా, దవాఖానకు పోతున్నవా" అని అడిగిందట. "లేదవ్వా, నా పిల్లలు పండుకున్నరు" అని సీసాలు తీసి చూపించారట. ఆవిడ సికింద్రాబాదు దాకా గుసగుసగానే మాట్లాడిందని మురిసిపోతూ చెప్పారు.

సొంతూరు చిట్యాల దగ్గర ఒక పల్లె. ఎన్ని దేశాలు తిరిగొచ్చినా ఆయన మాట మాత్రం ఆ ఊరు దాటలేదు. పాఠం ఇంగ్లీషులో మొదలుపెట్టి, అసలు సంగతి దగ్గరికి రాగానే ఊరి మాటలోకి దిగేవారు. ఒకసారి మా దగ్గర సెమినార్ జరిగింది. సార్ బోర్డు మీద బాణం గీసి, "ఇగో, ఎలక్ట్రాన్లు గీడికెల్లి గాడికి పోతయ్. గీడ ఖాళీ అయితది. గా ఖాళీల ఆక్సిజన్ వచ్చి కూసుంటది" అన్నారు. ముందు వరుసలో కోస్తా నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ గారు కిసుక్కుమన్నారు. ఆయనను చూసి మరో నలుగురు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నవ్వు చిన్నప్పటి నుంచీ సినిమాహాల్లో విన్నదే. నేను తండా పిల్లను. ఇంట్లో మా మాట ఒకటి, ఊళ్లో ఒకటి, పుస్తకంలో ఇంకొకటి. మూడు చోట్లా ఎవరో ఒకరు నన్ను చూసి నవ్వినవాళ్లే.

సార్ చాక్‌పీసు పట్టుకుని ఆయన వైపు తిరిగారు. "ఎలక్ట్రాన్ పోయిందా, లేదా సార్?"

"పోయింది లెండి" అన్నారాయన.

"ఆక్సిజన్ కూసున్నదా?"

"కూర్చుంది."

"అయితే మాట మంచిగనే పనిచేస్తున్నది" అని మళ్లీ బోర్డు వైపు తిరిగారు. కోపం లేదు, వెటకారం లేదు. మధ్యాహ్నం ఆ ప్రొఫెసర్ గారికే తన డబ్బాలోని సర్వపిండి రొట్టె సగం తుంచి పెట్టారు. నేనైతే నీళ్లు కూడా ఇచ్చేదాన్ని కాదు.

ల్యాబు మధ్యలో నిలువెత్తు గాజు గొట్టం ఉండేది. అందులో తెల్లని పొడి నింపి, పైన చెట్టు సారం పోసి, ద్రావకాన్ని చుక్కచుక్కగా వదిలితే, రంగులు విడిపోతూ ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. సార్ దాని పక్కన స్టూలు వేసుకుని, పెళ్లి ఊరేగింపు చూస్తున్నట్టు కూర్చునేవారు. "అగో, పచ్చది ముంగట దిగుతున్నది. ఎర్రది ఎన్కకున్నది, రానియ్. తొందరపెట్టకు పిల్లా. తోసినవనుకో, బస్సుల ఎక్కినట్టు ఒకదాని మీద ఒకటి పడ్తయ్." నాకేమో అన్నింటికీ తొందరే. తండాలో మొదటి ఎమ్మెస్సీని నేను. కేసముద్రం స్టేషన్లో దిగి ఇంటికి చేరేలోపు "ఇంక సదువేనా బిడ్డా, ఎప్పుడు ఒడుస్తది" అని అడిగేవాళ్లు కనీసం నలుగురు తగిలేవారు. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఒక తారీఖు కావాలి. ఆ తారీఖు కోసమే నేను బతికాను, ఆ రోజుల్లో.

ఇక నా వేరు సంగతి. మా యాడి, అంటే మా ఇంటి మాటలో అమ్మ, పుట్టింది టేకుమట్ల వైపు ఒక తండాలో. అక్కడి అడవి అంచున ఒక పొద ఉంది. దాని వేరు దంచి, నీళ్లలో కాచి, మోకాళ్ల నొప్పులకు తాగుతారు. పొద పేరు చెప్పను. చెబితే రేపటికల్లా సంచులు, పారలు పట్టుకుని బయల్దేరతారు, మనవాళ్ల సంగతి నాకు తెలుసు. నా పీహెచ్‌డీ ఆ వేరు మీదే.

వేరు వాడిపోతే గుణం మారుతుందని సార్ నమ్మకం. అందుకని అడవి పక్కనే వేరును దంచి, పెద్ద పాలక్యానులో వేసి, మెథనాల్ అనే ద్రావకం పోసి, టేకుమట్లలో మా మేనమామ ఇంట్లో వారం నానబెట్టేవాళ్లం. క్యాను వంచితే అడుగున ఉన్న మడ్డి కదులుతుంది. కాబట్టి ఒక మెత్తని ప్లాస్టిక్ పైపు లోపల పెట్టి, పైనున్న తేటను లాగేవాళ్లం. మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే తెల్లటి పైపు ఉంటుంది చూడండి, అదే. కేసముద్రం మార్కెట్ యార్డు ఎదురుగా దుకాణంలో నేనే కొనుక్కొచ్చేదాన్ని. వారమంతా ఆ పైపు క్యానులోనే మునిగి ఉండేది. సార్ ఏళ్ల తరబడి అలాగే చేశారు, నాకూ అలాగే నేర్పారు.

మూడో ఏట ఒక నూనె దొరికింది. రంగు లేదు, మురికి లేదు, తేటగా కన్నీటి చుక్కలా ఉంది. రిపోర్టులు వచ్చాక సార్ ముఖం వెలిగిపోయింది. ఎందుకంటే పదిహేనేళ్ల కిందట ఆ అడవిలోనే మరో చెట్టు బెరడులో ఆయనకు సరిగ్గా ఇదే నూనె దొరికింది. నొప్పి తగ్గించే గుణం దీనిదేనని ఆయన రాసిన వ్యాసమే ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. దాన్ని చదివి ఎక్కడెక్కడివాళ్లో తమ చెట్లలోనూ ఈ నూనె ఉందని రాశారు. ఇప్పుడు నా వేరులోనూ అదే. ఆయన సీసా మూత తీసి వాసన చూశారు. ఏ వాసనా లేదు. "మంచి పిల్ల, ఎక్కువ మాట్లాడది" అని నవ్వారు.

ఇంకేం, నా థీసిస్ అయిపోయినట్టే. ఇవ్వడానికి గడువు నాలుగు నెలలుంది. టైపు చేయడం మొదలుపెట్టాను. కేసముద్రం స్టేషన్లో అడిగినవాళ్లకు "దసరాకు ఒడుస్తది" అని తారీఖు కూడా చెప్పేశాను.

అప్పుడు యాడి జనగామకు వచ్చింది, తాజా వేర్లు మూట కట్టుకుని. సార్ ఎదురెళ్లి, మూట అందుకుని, తన కుర్చీలో కూర్చోబెట్టారు. "రా చెల్లె, నీ వేరుల ఉన్న మందు దొరికింది. ఇగో చూడు" అని సీసా చేతికిచ్చారు. యాడి వెలుతురుకు పట్టి చూసింది. అటూ ఇటూ వంచి చూసింది.

"గిది నూనె గదా సారు."

"అవ్, నూనె తీరుగనే ఉంటది."

"మేం వేరును నీళ్లల్ల గద కాస్తం. గిది నీళ్లల్ల కలుస్తదా?"

సార్ సీసా తీసుకుని తానూ వంచి చూశారు.

"మా కుండల ఎన్నడు నూనె తేలలే సారు" అంది యాడి. "వడగట్టుకోని తాగుతం. గిలాసకు జిడ్డు గూడ అంటుకోదు. మరి గీ నూనె మా నొప్పులెట్ల తగ్గించింది?"

మా యాడికి ఎదురు ప్రశ్నలు వేసే అలవాటు లేదు. తెలియక, తెలుసుకుందామనే అడిగింది. సార్ ఆమెకు అన్నం పెట్టించి, స్టేషన్‌కు తీసుకెళ్లి రైలెక్కించేదాకా మామూలుగానే ఉన్నారు. తిరిగొచ్చాక ల్యాబు మూలన పడేసిన పాత పైపు ముక్క ఒకటి తీశారు. రెండు చేతులతో వంచారు. ఫట్టున విరిగింది.

కొత్తగా ఉన్నప్పుడు చుట్టలు చుట్టుకునేంత మెత్తని పైపు అది. వాడిన ప్రతిసారీ కట్టెలా బిగుసుకుపోయేది. ఎండకు అలా అయిందనుకుని పారేసి, కొత్తది కొనేవాళ్లం. ఇన్నేళ్లలో ఒక్కరం కూడా ఎందుకని అడగలేదు.

"దీన్ని మెత్తగ ఉంచేదేదో ఉన్నది గదా. అది ఏడికి పోయింది పిల్లా?" అన్నారు మెల్లగా.

నాకు అర్థమైంది, అర్థం కాకుంటే బాగుండుననిపించింది. ఆయన క్యాను కడిగించి, మెథనాల్ పోసి, కొత్త పైపు ముంచి, వేరు మాత్రం వేయకుండా మూత పెట్టారు. ఆ వారం ఆయన ఎవరితోనూ హాస్యమాడలేదు, చాయ్ గ్లాసుకు వాసన చూడలేదు. ఎనిమిదో రోజు ద్రావకాన్ని ఆవిరి చేస్తే అడుగున నూనె మిగిలింది. అదే నూనె, రంగు లేకుండా, వాసన లేకుండా. ప్లాస్టిక్ మెత్తగా ఉండడానికి ఫ్యాక్టరీలో కలిపే నూనె అది. మూడేళ్లు నేను మందు తీసింది వేరులోంచి కాదు, మేస్త్రీల పైపులోంచి. పదిహేనేళ్ల కింద సారూ అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మాకు ఆ ఎలుక కూడా దొరకలేదు.

నేను ఏడ్చాను. ఏడ్చాక ఒక మాట అన్నాను. అది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

"సార్, గిది మనిద్దరికి తప్ప ఎవలకు తెల్సు? నా థీసిస్ ఇచ్చేస్త. మీ వ్యాసం గట్లనే ఉంటది. ఎవలొచ్చి అడుగుతరు?"

ఆయన తిట్టలేదు. "ఇంటికి పో. ఎల్లుండి రా" అన్నారు.

ఎల్లుండి భయపడుతూ వెళ్లాను. సార్ సర్వపిండి డబ్బా తెరుచుకుని వరండాలో కూర్చున్నారు. ముఖం పండగనాటి ముఖంలా ఉంది.

"తిను ముందుగాల. మనం మస్తు అదృష్టవంతులం పిల్లా. గీ తప్పు మనకే దొరికింది. ఇంకోనికి దొరికితే ఎంత ఇజ్జత్ పోతుండె, జర సోంచాయించు."

"నా మూడేండ్లు పోయినయ్ సార్."

"పోయినయ్. నాయి పదిహేను పోయినయ్. నా ముంగట నువ్వెంత?" అని నవ్వారు. నేను నవ్వలేదని చూసి, చేతిలోని ముక్క డబ్బాలో పెట్టేశారు. "చేసిన పాపం చెప్తే పోతదంటరు. చెప్పకపోతే ఏమైతదో చెప్పన్నా? మనం రాసింది చదివి రేపు ఎవడో గీ నూనెను గోలీ చేస్తడు. మీ యాడి తీరు మనిషి, మోకాళ్లు నొస్తున్నయని దాన్ని మింగుతది. ప్లాస్టిక్ నూనె పిల్లా. నువ్వు మింగనిస్తవా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వ్యాసం ఇద్దరం కలిసి రాశాం. మా వేరులో నూనె లేదు, సార్ పాత బెరడులోనూ లేదు, అది పైపుది, ఇదిగో రుజువు అని. విరిగిన పైపు ఫోటో కూడా పెట్టారు. నా పేరు ముందు రాస్తే కొట్టేసి, "తప్పు షురూ చేసినోడు ముంగటుండాలె" అని తన పేరు పైకి తెచ్చుకున్నారు. చివర కృతజ్ఞతల్లో మా యాడి పేరు, మా తండా పేరు, నీళ్లలో కలుస్తుందా అని అడిగినందుకు అని ఒక వాక్యం. పత్రికవాళ్లు ఆమె ఏ సంస్థలో పనిచేస్తారో తెలపండి అని ఉత్తరం రాశారు. "ఆమె ఈ కషాయాన్ని మా ఇద్దరి వయసు కలిపినన్ని సార్లు కాచింది, ఈ విషయంలో మాకు సీనియర్" అని సార్ జవాబిచ్చారు. అలాగే అచ్చయింది.

అది అచ్చయ్యాక ఫోన్లు మొదలయ్యాయి. రిటైరయ్యే ముందు నీకిదేం పని అని స్నేహితులు మందలించారు. జరగాల్సిన ఒక సన్మానం ఎందుకో వాయిదా పడి, మరి జరగలేదు. నేను పరేషాన్ అవుతుంటే, సార్ "శాలువలు ఇంట్ల మస్తున్నయ్, పెట్టెందుకు జాగలేదు" అన్నారు. కానీ ఉత్తరాలు కూడా వచ్చాయి. ఎక్కడో చలి దేశంలో ఒకావిడ, మీరు చెప్పాక మా పైపును వంచి చూశాం, అదీ విరిగింది అని రాసింది. ఇంకో ల్యాబువాళ్లు అసలు వేరు వేయకుండా ముందు ఒట్టి ద్రావకాన్ని పరీక్షించడం రివాజు చేసుకున్నామన్నారు. ఆయన రాసిన అన్ని వ్యాసాల్లోకీ ఈనాటికీ పదిమంది ఉదహరించేది ఆ పైపు వ్యాసాన్నే. "నలభై ఏండ్లు కొత్తయి కనిపెట్టిన పిల్లా. లోకానికి అక్కరకొచ్చింది గీ ఇరిగిన పైపు" అని పొంగిపోయేవారు. ఏడుపు ముఖంతో కాదు, నిజంగానే పొంగిపోయేవారు. ఆయన వ్యవహారం నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు.

గడువు పొడిగించమని ఆయనే తిరిగి, ఆఫీసుల్లో నిలబడి, నాకు సమయం ఇప్పించారు. మళ్లీ మొదటికొచ్చాం. పైపు లేదు, మూతకు రబ్బరున్న క్యాను కూడా వద్దన్నారు. అలా అంగడికి పోయి చాచా దగ్గర ఎనిమిది జాడీలు కొన్నాం. ఈసారి మెథనాల్ కాదు, యాడి చెప్పినట్టు నీళ్లు. స్టీలు గరిటెతో తోడుకోవడం. చూసినవాళ్లు ఇది కెమిస్ట్రీ ల్యాబా, పెళ్లివారి వంటశాలా అని ఎగతాళి చేశారు. నీళ్లను ఆవిరి చేయడం మెథనాల్ అంత సులువు కాదు. పని నత్తనడక నడిచింది. కేసముద్రం స్టేషన్లో నలుగురు కాస్తా ఎనిమిది మంది అయ్యారు. దసరా పోయింది, ఇంకో దసరా కూడా పోయింది.

ఆ రెండో ఏడు ఎండాకాలం, ఒక మధ్యాహ్నం, గిన్నెలో తెల్లని సూదులు, వేరులోని పదార్థం తాలూకు స్ఫటికాలు, మొలిచాయి. సన్నగా, మెరుస్తూ, మల్లెమొగ్గ కాడల్లా. నేను అరిచిన అరుపుకు అటెండర్ పరుగెత్తుకొచ్చాడు. సార్ వచ్చి చూశారు. ముందు ఒక గ్లాసులో నీళ్లు తెప్పించి, రెండు సూదులు అందులో వేశారు. చూస్తుండగానే కరిగిపోయాయి. అప్పుడు నా ఫోన్ లాక్కుని మా యాడికి చేశారు. "చెల్లె, నీళ్లల్ల కలిసింది" అన్నారు. అవతల ఆమె ఏమందో నాకు వినపడలేదు, సార్ మాత్రం ఫోన్ పట్టుకుని నవ్వుతూనే ఉన్నారు.

వైవా రోజు వచ్చింది. యాడి, తండా నుంచి ఇద్దరు అక్కలు వెనక వరుసలో కూర్చున్నారు. పరీక్ష చేయడానికి ఇంకో విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మా రంగంలో ఆయన మాటంటే మాటే. నాకు మాత్రం ఆయనంటే భయం. కారణం ఉంది. ఆయన పాత వ్యాసాల్లో మూడింటిలో, మూడు వేర్వేరు చెట్లలో, అదే నూనె దొరికినట్టు ఉంది. నా థీసిస్‌లో వాటి పేర్లు రాయక తప్పలేదు. ఆయన చదివే ఉంటారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే మనిషైతే, నా అయిదేళ్లు ఆ గదిలోనే మట్టి కొట్టుకుపోతాయి.

సూదుల గురించి అన్నీ అడిగారు. చెప్పాను. చివరికి పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టి, అప్పటిదాకా మాట్లాడిన ఇంగ్లీషు మాని తెలుగులో అన్నారు.

"ఇందులో సగం ఒక పైపు గురించి అమ్మా. మూడేళ్లు తప్పు చేశానని మీరే రాసుకున్నారు. తప్పు చేసినవాళ్లకు డాక్టరేట్ ఎందుకు ఇవ్వాలి?"

గైడు మాట్లాడకూడదు. సార్ వైపు చూశాను, ఆయన తన చేతులు చూసుకుంటున్నారు. ఈ ప్రశ్న వస్తుందని ఇంగ్లీషులో మంచి జవాబొకటి కంఠతా పట్టి వచ్చాను. నోట్లోంచి వచ్చింది మాత్రం ఊరి మాట.

"సార్, తప్పు దొరికిన్నాడు దాన్ని దాచిపెడ్దామని నేనే అన్న. మా సార్ ఒప్పుకోలే. దాచిపెడితే నా థీసిస్ రెండేండ్ల కిందనే మీ దగ్గరికొస్తుండె. అప్పుడు గీ ప్రశ్న మీరు అడుగకపోతుండె. డిగ్రీ ఇచ్చేటోళ్లు."

అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. అయిపోయింది అనుకున్నాను. వెనక యాడి గాజులు కదిలిన చప్పుడు వినిపించింది. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోలేదు.

"ఇచ్చేవాణ్ణి" అన్నారు. "ఆ నూనె మీదే నా దగ్గర ముగ్గురికి ఇచ్చాను."

ఆ తర్వాత ఆయన ఏమీ అడగలేదు. కాగితాల మీద సంతకం చేసి లేచారు. అక్కలిద్దరూ నన్ను పట్టుకుని ఏడుస్తున్నారు, యాడి సార్ చెయ్యి పట్టుకుని వదలడం లేదు, నాకు ఎటు చూడాలో తెలియలేదు. బయట వరండాలో చాయ్ తాగుతూ సార్ ఆ పెద్దాయనను అడిగిన మాట మాత్రం విన్నాను.

"మరి మీరు గూడ రాస్తరా సార్?"

"ఈ వయసులోనా?"

"నేను గూడ గీ వయసులనే రాసిన."

పెద్దాయన చాయ్ సగంలో వదిలేసి కారెక్కారు. ఆయన మనసు కష్టపెట్టారని నేను సార్‌ను నిష్ఠూరమాడాను కూడా.

ఆర్నెల్ల తర్వాత, నాకు మహబూబాబాద్‌లో ఉద్యోగం వచ్చి, ల్యాబులో నా సామాను సర్దుకుంటున్న రోజు, సార్ ఒక పత్రిక తెచ్చి నిలబడే చదవడం మొదలుపెట్టారు. పేజీన్నర వ్యాసం. రాసింది ఆ పెద్దాయన. తన మూడు వ్యాసాల్లోని నూనె ఆ చెట్లది కాదు, తన ల్యాబు పైపులది అని రాశారు. కింద తన ముగ్గురు విద్యార్థుల పేర్లు వేసి, వీళ్లు నేను చెప్పినట్టే చేశారు, తప్పు వీళ్లది కాదు, నాది అని రాశారు. ఆ వాక్యం దగ్గర సార్ చదవడం ఆపేశారు. అన్నేళ్లలో ఆయన మాట ఆగగా నేను చూసింది అదొక్కసారే. పత్రిక నా చేతిలో పెట్టి, కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత కండువాతో కళ్లు తుడుచుకుని, నావైపు తిరిగి నవ్వారు.

"పరీక్ష నీకు పెట్టిండు గని పిల్లా, రాసి పాసైంది ఆయన."